బుడగలు లెక్కపెట్టిన ఎనిమిది నెలలు: మెగ్నీషియం–హైడ్రాక్సీఅపటైట్ పెల్లెట్ల కరోజన్ డైరీ

ఇదే పని మొదలెట్టబోయే వాళ్ళకి పనికొస్తుందని నా ల్యాబ్ నోట్‌బుక్‌లోంచి చూసి టైప్ చేస్తున్నా. నవంబర్ నుంచి జూన్ దాకా జరిగింది ఇది. సంగతేంటంటే ఎముక విరిగినప్పుడు వేసే ప్లేటు, స్క్రూ లాంటివి కొన్నాళ్ళకి ఒంట్లోనే కరిగిపోతే రెండో ఆపరేషన్ తప్పుతుంది, దానికి మెగ్నీషియం బాగుంటుంది, కానీ మరీ తొందరగా కరుగుతుంది. ఎముకలో ఉండే ఖనిజానికి దగ్గరగా ఉండే హైడ్రాక్సీఅపటైట్ (ఇక్కణ్ణుంచి హెచ్‌ఏ) అనే సిరామిక్ పొడిని మెగ్నీషియంలో కలిపితే కరోజన్ (ద్రావణం లోహాన్ని తినేయడం) తగ్గుతుందా పెరుగుతుందా అన్నది నా ప్రశ్న. ఉత్త మిశ్రలోహంతో చేసిన మెగ్నీషియం స్క్రూలకి యూరప్‌లో 2013లోనే సీఈ మార్కు (అక్కడ అమ్ముకోవడానికి కావాల్సిన ముద్ర) వచ్చింది, మాగ్నెజిక్స్ అని. కాంపోజిట్ల (ఇలా కలిపి చేసినవాటి) సంగతి మాత్రం పేపర్ పేపర్‌కీ వేరుగా ఉంది, ఒకరు తగ్గిందంటారు, ఇంకొకరు పెరిగిందంటారు. ఎందుకో నాకు జూన్‌లో గానీ అర్థం కాలేదు.

పెల్లెట్లు (పొడిని నొక్కి, కాల్చి చేసే బిళ్ళలు) నాలుగు రకాలు చేశా: హెచ్‌ఏ బరువులో 0, 5, 10, 15 శాతం. పెల్లెట్ సైజు 10 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం. అన్ని వైపులా కలిపి వైశాల్యం 3.14 చదరపు సెం.మీ. వస్తుంది, లెక్కలకి సుఖంగా ఉంటుందని ఆ సైజు పెట్టుకున్నా.

స్టేజ్ 1: పొడి కలపడం (నవంబర్)

మొదటి తప్పు ఇక్కడే, అన్నిటికన్నా ఖరీదైంది కూడా ఇదే. డిపార్ట్‌మెంట్‌లో ప్లానెటరీ బాల్ మిల్ ఉంది, దానికి స్టెయిన్‌లెస్ స్టీల్ జార్, స్టీల్ బాల్స్. నేను వాటితోనే 250 ఆర్‌పీఎం మీద 4 గంటలు తిప్పేశా. పొడి బూడిద రంగులో ముద్దుగా కలిసిపోయింది, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఏ పదార్థాలున్నాయో చూసే పరీక్ష) తీస్తే మెగ్నీషియం, హెచ్‌ఏ తప్ప ఇంకో పీక్ లేదు, క్లీన్ అని రాసేస్కున్నా.

డై (పొడిని నొక్కే అచ్చు) హైదరాబాద్ బాలానగర్‌లో చేయించా, హెచ్‌సీహెచ్‌సీఆర్ అనే గట్టి స్టీల్‌తో. లేత్ ఆయన డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి చూసి "గింత బిళ్ళకి గంత మందం డై ఎందుకు సార్, పైసల్ దండగ" అన్నాడు. 500 ఎంపీఏ ఒత్తిడి పడుతుందన్నా (10 మి.మీ. డైకి అది సుమారు 4 టన్నుల లోడు), ఆయనేం మాట్లాడకుండా బోర్‌ని హోనింగ్ చేసి (లోపల నున్నగా రుద్ది) మరీ ఇచ్చాడు. ఆ హోనింగ్ చేసినందుకు తర్వాత చాలాసార్లు మనసులో దండం పెట్టుకున్నా.

పన్నెండు పెల్లెట్లు చేసి ఎస్‌బీఎఫ్‌లో (రక్తంలోని ప్లాస్మాకి దగ్గరగా తయారుచేసే ఉప్పునీళ్ళు) వేస్తే గ్లాసులో ఈనో ప్యాకెట్ చింపి పోసినట్టు బుస్సుమని పొంగింది. 10 శాతం పెల్లెట్ 30 గంటల్లో అంచులన్నీ ఊడిపోయి సగం నల్లపొడిగా అడుగుకి దిగిపోయింది, పీహెచ్ 10 దాటింది. ఉత్త మెగ్నీషియం పెల్లెట్ కూడా అంతే. నేను రెండు వారాలు హెచ్‌ఏని తిట్టుకుంటూ కూర్చున్నా, హెచ్‌ఏ లేనిది కూడా అలాగే పొంగిందన్న సంగతి కళ్ళ ముందే ఉన్నా బుర్రకి ఎక్కలేదు.

చివరికి పొడిని ఐసీపీకి (ఏ మూలకం ఎంతుందో కొలిచే పరీక్ష) పంపిస్తే తెలిసింది: కొన్న పొడిలో ఇనుము 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు), మిల్ చేసిన పొడిలో 640 పీపీఎం. పోత పోసిన మెగ్నీషియంలో ఇనుము సుమారు 170 పీపీఎం దాటితే కరోజన్ ఒక్కసారిగా ఎగబాకుతుందని 1942లోనే తేల్చారు. ఇనుప రేణువు ప్రతి ఒక్కటీ చిన్న బ్యాటరీ లాగా చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని తినేస్తుంది. నాది పోత కాదు, సింటర్ చేసింది (పొడిని నొక్కి, కరగనివ్వకుండా కాల్చి అతికించింది), దానికి ఆ హద్దు ఇంకా కిందే ఉంటుంది. ఇంత కొంచెం ఇనుము ఎక్స్‌ఆర్‌డీకి కనపడదు, ఒకట్రెండు శాతం ఉంటే గానీ పీక్ రాదు. కాబట్టి ఎక్స్‌ఆర్‌డీ చూసి "క్లీన్" అని రాసుకోకండి.

మార్చింది ఇది:
1. స్టీల్ జార్ పక్కన పెట్టేసి ప్లాస్టిక్ బాటిల్, 5 మి.మీ. జిర్కోనియా బాల్స్.
2. గట్టిగా దంచడం మానేసి రోలర్ మీద 60 ఆర్‌పీఎంతో 12 గంటలు మెల్లగా తిప్పడం.
3. అంతకుముందే హెచ్‌ఏని ఐసోప్రొపనాల్‌లో అల్ట్రాసోనిక్ బాత్‌లో విడగొట్టి, అందులోనే మెగ్నీషియం పొడి కలిపి, వ్యాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టడం.

మూడో స్టెప్ తర్వాత చేర్చింది, ఎందుకంటే పొడిగా కలిపినప్పుడు హెచ్‌ఏ ఉండలు కట్టి పాలిష్ చేసిన పెల్లెట్ మీద నువ్వులు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. కొత్త పద్ధతిలో ఇనుము 110 పీపీఎం వచ్చింది, దానితో సరిపెట్టుకున్నా.

జాగ్రత్త ఒకటి: మెగ్నీషియం పొడి మంట పట్టుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, సీఓటూ సిలిండర్ కూడా కొట్టకూడదు, రెండిటితోనూ ఇంకా మండుతుంది. టేబుల్ పక్కన ఎండబెట్టిన ఇసుక బకెట్ పెట్టుకోండి. మిల్ జార్ వేడిగా ఉండగా మూత తియ్యొద్దు.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 12, పనికొచ్చినవి 0. ఖర్చు: మెగ్నీషియం పొడి 4,200, హెచ్‌ఏ 5,800, డై 7,500, ఐసీపీ 3,000. మొత్తం ₹20,500.

స్టేజ్ 2: నొక్కడం, కాల్చడం (డిసెంబర్, జనవరి)

నొక్కడంలో పెద్ద గొడవ క్యాపింగ్. పెల్లెట్‌ని డైలోంచి తోసేటప్పుడు పైన ఒక పొర బిస్కెట్ పైపొర లేచినట్టు లేచిపోతుంది. 20 నొక్కితే 4 అలా పోయాయి. లోడు ఒకేసారి వదిలెయ్యకుండా నిమిషం పట్టేలా మెల్లగా దించితే ఆగింది. జింక్ స్టియరేట్‌ని (పెల్లెట్ జారడానికి వాడేది) పొడిలో కలపకుండా ఇయర్‌బడ్‌తో డై గోడకి మాత్రం రాశా, పొడిలో కలిపితే కాల్చాక జింక్, కార్బన్ మిగిలి కరోజన్ రీడింగ్‌లో తేలతాయి.

కాల్చింది ట్యూబ్ ఫర్నేస్‌లో, 560 డిగ్రీలు, 2 గంటలు, ఆర్గాన్ కింద. మొదటి రన్‌లో 4 పెల్లెట్లు సున్నం కొట్టిన గోడలా తెల్లగా బయటికొచ్చాయి. సిలిండర్ మీద 99.999 అని రాసుంది కదా అని గ్యాస్ కంపెనీని అనుమానించా, తర్వాత కనెక్షన్లకి సబ్బునీళ్ళు రాసి చూస్తే ఫ్లాంజ్ ఓ-రింగ్ దగ్గర బుడగలు. యాభై రూపాయల రబ్బరు. ఇంకో తలనొప్పి క్వార్ట్జ్ ట్యూబ్. ఆ వేడికే మెగ్నీషియం కొంచెం ఆవిరై వెళ్ళి క్వార్ట్జ్‌తో రియాక్ట్ అయి ట్యూబ్ లోపల గోధుమ, నలుపు మరకలు చేసింది. పక్క ల్యాబ్ వాళ్ళని బతిమాలి అల్యూమినా ట్యూబ్ తెచ్చుకున్నా.

ఇప్పుడు నేను చేసేది:
1. పెల్లెట్లు మూత ఉన్న అల్యూమినా బోట్‌లో.
2. ఆర్గాన్ వచ్చే వైపు ఇంకో బోట్‌లో మెగ్నీషియం టర్నింగ్స్, గ్యాస్‌లో మిగిలిన ఆక్సిజన్‌ని అవి తినేస్తాయి.
3. వ్యాక్యూమ్ లాగి ఆర్గాన్ నింపడం, మూడుసార్లు.
4. నిమిషానికి 5 డిగ్రీలు, 560 దగ్గర 2 గంటలు, లోపలే చల్లారనివ్వడం.

డెన్సిటీ మామూలు పద్ధతిలో నీళ్ళలో తూచి చూద్దామని పెల్లెట్ ముంచితే తూకం అంకె ఆగదు, బుడగలొస్తూనే ఉంటాయి, మెగ్నీషియం కదా. ఇథనాల్‌కి మారా (25 డిగ్రీల దగ్గర దాని డెన్సిటీ 0.785). పాలిషింగ్ కూడా అంతే, ఆఖరి పేపర్ల దగ్గర నీళ్ళు బంద్, ఇథనాల్ మాత్రమే.

థియరీ డెన్సిటీకి మెగ్నీషియం 1.74, హెచ్‌ఏ 3.16 వేస్కోవాలి, 10 శాతానికి 1.82 వస్తుంది. నాకొచ్చినవి థియరీలో ఎంత శాతమంటే:
0 శాతం హెచ్‌ఏ: 95
5 శాతం: 93
10 శాతం: 90 (1.64 గ్రా./సీసీ)
15 శాతం: 84

ఈ నాలుగు అంకెలూ రాసుకుని, సరే 15లో కొంచెం బొక్కలు ఎక్కువున్నాయి అనుకుని పేజీ తిప్పేశా. మొత్తం కథ ఈ పేజీలోనే ఉందని ఐదారు నెలలు ఆగి తెలిసింది.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 32, చేతిలో మంచివి 12. ఈ స్టేజ్ ఖర్చు: జిర్కోనియా బాల్స్ 6,000, ఐసీపీ ఇంకోసారి 1,500, ఆర్గాన్ 3,200, స్టియరేట్ 650, ఓ-రింగ్, సబ్బు వగైరా 150. మొత్తం ₹32,000.

స్టేజ్ 3: ఎస్‌బీఎఫ్ (ఫిబ్రవరి)

రెసిపీ కొకుబో అనే జపాన్ శాస్త్రవేత్తది, అందరూ వాడేదే. ఒక లీటర్‌కి, ప్లాస్టిక్ బీకర్‌లో 700 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ 36.5 డిగ్రీల దగ్గర పెట్టి, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి:
1. సోడియం క్లోరైడ్ 8.035 గ్రా.
2. సోడియం బైకార్బొనేట్ 0.355 గ్రా.
3. పొటాషియం క్లోరైడ్ 0.225 గ్రా.
4. డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ ట్రైహైడ్రేట్ 0.231 గ్రా.
5. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.311 గ్రా.
6. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 39 ఎంఎల్
7. కాల్షియం క్లోరైడ్ 0.292 గ్రా.
8. సోడియం సల్ఫేట్ 0.072 గ్రా.
9. ట్రిస్ (పీహెచ్ మారకుండా నిలబెట్టే బఫర్) 6.118 గ్రా., చిటికెడు చిటికెడుగా
10. పీహెచ్ 36.5 డిగ్రీల దగ్గర 7.40కి యాసిడ్‌తో దించి, లీటర్‌కి నింపడం.

మొదటి లీటర్ పాడైంది తొమ్మిదో స్టెప్ దగ్గర. సాయంత్రం ఏడయింది, హాస్టల్ మెస్ మూసేస్తారన్న కంగారులో ట్రిస్ మొత్తం ఒక్కసారే ఒంపేశా. అది పడ్డ చోట పీహెచ్ ఎగిరి, కాల్షియం ఫాస్ఫేట్ విరిగి, బీకర్ మొత్తం గంజి నీళ్ళలా అయిపోయింది. మళ్ళీ యాసిడ్ పోసి తేటగా చేసి వాడేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది గానీ పారబోశా. మీరూ పారబొయ్యండి.

రెండో లీటర్ తేటగానే ఉంది కానీ అదీ తప్పే. పీహెచ్ 28 డిగ్రీల దగ్గర 7.40 పెట్టా. ట్రిస్ పీహెచ్ వేడితో డిగ్రీకి 0.028 చొప్పున తగ్గుతుంది, అంటే బాత్‌లో అసలు పీహెచ్ 7.16. మెగ్నీషియానికి అది చిన్న తేడా కాదు. ఎలక్ట్రోడ్ క్యాలిబ్రేషన్ కూడా అదే వేడి దగ్గర చెయ్యాలి. కాల్షియం క్లోరైడ్ సీసా మూత తీసి ఉంచితే తేమ పీల్చుకుంటుంది, తూచింది 0.292 అయినా అందులో కాల్షియం తక్కువే ఉంటుంది, కాబట్టి ఓవెన్‌లో ఆరబెట్టి తూచండి.

ఇంకో ముక్క. ట్రిస్ బఫరే మెగ్నీషియం కరోజన్‌ని పెంచుతుంది, వచ్చిన హైడ్రాక్సైడ్‌ని వచ్చినట్టు లాగేస్తుంది కాబట్టి పైన రక్షణ పొర నిలవదు. ఒంట్లో ఆ పని బైకార్బొనేట్‌ది, ప్లాస్మాలో అది 27 మిల్లీమోలార్ ఉంటే కొకుబో ద్రావణంలో 4.2 మాత్రమే. అందుకని నా అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు గానీ మనిషి కాలులో ఇన్ని నెలలు ఉంటుంది అని చెప్పడానికి వాడకూడదు.

స్టేజ్ 4: ముంచి ఉంచడం (మార్చి నుంచి మే)

ఏర్పాటు సింపుల్: బీకర్, లోపల పెల్లెట్, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు మీద నీళ్ళు నింపి తలకిందులుగా పెట్టిన బ్యూరెట్. మెగ్నీషియం కరిగితే హైడ్రోజన్ వస్తుంది, బుడగలు బ్యూరెట్‌లోకి ఎక్కి నీటి మట్టాన్ని కిందికి తోస్తాయి, రోజుకి మూడుసార్లు చదవడమే. దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది, పెల్లెట్ అంచు మీద ఒకే చుక్క దగ్గర్నుంచి సన్నటి పూసల దండ లాగా బుడగలు వరసగా లేస్తాయి, మిగతా ఉపరితలమంతా నిశ్శబ్దం. మర్నాడు ఆ చుక్క దగ్గర గుంట ఉంటుంది.

ఫెయిల్యూర్ ఒకటి. పెల్లెట్ బీకర్ అడుగుకి ఆనకూడదని సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో వేలాడదీశా. నాలుగు పెల్లెట్లు, ఒక్కో రకం ఒకటి. రెండ్రోజుల్లో నాలుగూ తీగ ఆనిన గీత వెంబడి కోసినట్టు తెగాయి. గాల్వానిక్ కరోజన్ (రెండు వేరే లోహాలు ద్రావణంలో ఆనుకుంటే ఒకటి తొందరగా కరిగిపోవడం), థర్డ్ ఇయర్ సిలబస్. 1907లో బెల్జియం సర్జన్ ఆల్బిన్ లాంబోట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటుని స్టీలుతో బిగిస్తే ఎనిమిది రోజుల్లో ప్లేటు ముక్కలైపోయి చర్మం కింద గ్యాస్ నిండిందని సెమినార్‌లో స్లైడ్ పెట్టి మరీ చెప్పినవాణ్ణి నేను. నూట పదిహేనేళ్ళు దాటాక అదే తప్పు తీగతో చేశా. ఇప్పుడు చేపలు పట్టే నైలాన్ దారం.

ఫెయిల్యూర్ రెండు. ద్రావణం ఎంత పొయ్యాలి అంటే చదరపు సెం.మీ.కి 20 ఎంఎల్ చాలని స్టాండర్డ్‌లో ఉంది, ఆ లెక్కన 65 ఎంఎల్ పోశా. 10 శాతం పెల్లెట్ పీహెచ్: ఒకటో రోజు 7.5, మూడో రోజు 8.0, ఆరో రోజు 8.8. పీహెచ్ పెరిగే కొద్దీ బుడగలు తగ్గాయి, గ్రాఫ్ చక్కగా వంగి పడుకుంది, గైడ్‌కి చూపిస్తే ఆయన ఒకే మాట అన్నారు: "బఫర్ ఎంత ఉందో లెక్కేశావా నువ్వు?" వెయ్యలేదు. వేస్తే ఇలా వచ్చింది: 65 ఎంఎల్‌లో ట్రిస్ 3.25 మిల్లీమోల్, అందులో ఆమ్ల రూపంలో పనికొచ్చేది సుమారు 2.3. ఒక మోల్ మెగ్నీషియం కరిగితే రెండు మోల్‌ల హైడ్రాక్సైడ్. అంటే 28 మి.గ్రా. మెగ్నీషియం కరిగేసరికి బఫర్ ఖాళీ. పెల్లెట్ మెరుగవ్వలేదు, నీళ్ళు చచ్చిపోయాయి అంతే. ఒంట్లో రక్తం ఆగకుండా తిరుగుతుంటుంది కదా. పెల్లెట్‌కి 300 ఎంఎల్‌కి మారి, 48 గంటలకోసారి మార్చడం పెట్టుకున్నా. అప్పట్నుంచి పీహెచ్ 7.6 దాటలేదు.

ఫెయిల్యూర్ మూడు మే నెలలో గాలివాన. కరెంటు మూడు గంటలు పోయింది, బాత్ 37 నుంచి 31కి దిగింది, బ్యూరెట్ రీడింగ్‌లో అక్కడో మెట్టు. ఆ వారం డేటా మొత్తం తీసేశా. బాత్ చుట్టూ థర్మోకోల్ పెట్టి, పాత యూపీఎస్‌కి తగిలించా.

కొత్తగా పన్నెండు పెల్లెట్లు చేసి, రకానికి మూడు చొప్పున, 7 రోజులు. సగటు హైడ్రోజన్:
0 శాతం: 21 ఎంఎల్
5 శాతం: 24 ఎంఎల్
10 శాతం: 33 ఎంఎల్
15 శాతం: 72 ఎంఎల్

ఎంఎల్‌ని మి.గ్రా.లోకి మార్చేటప్పుడు ఆగండి. 1 ఎంఎల్ అంటే 1 మి.గ్రా. మెగ్నీషియం అని అందరూ వేసేస్తారు, సముద్ర మట్టం దగ్గర, 25 డిగ్రీల పొడి గ్యాస్‌కి అది ఓకే. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి 950 మిల్లీబార్ దగ్గర, మా ల్యాబ్ ఏసీ పేరుకే కాబట్టి 30 డిగ్రీలు, పైగా గ్యాస్‌లో నీటి ఆవిరి ఉంటుంది. అన్నీ కలిపితే 0.875 మి.గ్రా. వస్తుంది. ఎనిమిదో వంతు తేడా ఊరికే వచ్చిపడుతుంది. విశాఖలో చేసినవాడి అంకె, నా అంకె పక్కపక్కన పెడితే అందుకే కలవదు. బ్యూరెట్‌లో నిలబడ్డ నీటి స్తంభం కూడా 20 సెం.మీ.కి ఇంకో 2 శాతం లాగుతుంది, దాన్ని నేను వదిలేశా.

చదరపు సెం.మీ.కి రోజుకి మి.గ్రా. తీసి 2.1తో గుణిస్తే ఏడాదికి మి.మీ. వస్తుంది: వరసగా 1.76, 2.01, 2.76, 6.02.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 44. ఎస్‌బీఎఫ్ కెమికల్స్ 4,800, నాలుగు బ్యూరెట్లు 1,800. మొత్తం ₹38,600.

స్టేజ్ 5: కడిగి తూచడం (మే)

హైడ్రోజన్ లెక్కని బరువు తరుగుదలతో సరిచూడాలి. పైన పేరుకున్న తెల్ల పొరని తీయడానికి క్రోమిక్ యాసిడ్ (లీటర్‌కి క్రోమియం ట్రైఆక్సైడ్ 200 గ్రా., సిల్వర్ నైట్రేట్ 10 గ్రా.) వాడతారు, మెగ్నీషియాన్ని దాదాపు ముట్టకుండా పొరని మాత్రం కరిగిస్తుంది. 250 ఎంఎల్ చాలు, లీటర్ చెయ్యకండి. ఇది హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెప్పించేది, ఫ్యూమ్ హుడ్, మందం గ్లౌజులు తప్పనిసరి, సింక్‌లో పోస్తే పాపం. వాడాక సోడియం బైసల్ఫైట్‌తో అంత ప్రమాదం లేని ట్రైవాలెంట్‌కి దించి వేస్ట్ క్యాన్‌లో వేశాం.

10 శాతం పెల్లెట్ దగ్గర లెక్క తేడా కొట్టింది. హైడ్రోజన్ ప్రకారం కరిగిన మెగ్నీషియం 28.9 మి.గ్రా., తూకంలో తరిగింది 35.3. బ్యూరెట్ లీకేజీ అనుకుని కీళ్ళన్నీ గ్రీజు పెట్టా, మార్పు లేదు. తర్వాత బీకర్ అడుగున సన్నటి తెల్ల పొడి చూసి తట్టింది: చుట్టూ ఉన్న మెగ్నీషియం కరిగిపోతే మధ్యలో హెచ్‌ఏ రేణువుకి పట్టు పోయి, గోడలోంచి కంకర రాలినట్టు రాలిపోతుంది. దానికి హైడ్రోజన్ రాదు, బరువు మాత్రం తగ్గుతుంది. పెల్లెట్‌లో మెగ్నీషియం 90 శాతమే కాబట్టి 28.9ని 0.9తో భాగిస్తే 32.1. మిగిలిన 3 మి.గ్రా. పైచిలుకులో కొంత, పైకి తేలిన హెచ్‌ఏని క్రోమిక్ యాసిడ్ కరిగించింది, కొంత ద్రావణంలో కరిగిపోయి బ్యూరెట్‌కి చేరని హైడ్రోజన్.

అదే 35.3ని ఏడాదికి మి.మీ.లోకి మారిస్తే, పెల్లెట్ అసలు డెన్సిటీ 1.64 వేస్తే 3.57, థియరీ 1.82 వేస్తే 3.22, హైడ్రోజన్‌తో 2.76. ఒకే పెల్లెట్‌కి మూడు జవాబులు. కాంపోజిట్ల మీద రాసేటప్పుడు ఏ పద్ధతి, ఏ డెన్సిటీ వాడారో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

మొత్తం ఖర్చు: ₹40,500 (ఈ కెమికల్స్ 1,900, సిల్వర్ నైట్రేట్‌దే ఎక్కువ భాగం).

స్టేజ్ 6: పొటెన్షియోస్టాట్ (మే ఆఖరు)

పొటెన్షియోస్టాట్ అంటే వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే మెషీన్, ఆ కరెంటు నుంచి కరోజన్ రేటు తీస్తారు. దీని మీద నాకు మోజు తగ్గిపోయింది కాబట్టి తొందరగా కానిస్తా. మార్చిలో మిగిలిన నాలుగు పెల్లెట్లకి వెనకాల రాగి తీగని సిల్వర్ పేస్ట్‌తో అంటించి ఎపాక్సీలో మౌంట్ చేశా. మొదటి మౌంట్‌లో ఎపాక్సీకి, పెల్లెట్‌కి మధ్య వెంట్రుకవాసి సందు, ద్రావణం అందులోంచి లోపలికి పోయి సిల్వర్‌ని తాకింది, ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్ (కరెంటు పంపకుండా చూసే వోల్టేజి) నిలకడ లేకుండా జారుడుబండ ఆడింది. అంచుకి నెయిల్ పాలిష్ రెండు కోటింగులు వేశాక ఆగింది. ఇరవై రూపాయల రోడ్డు పక్క సీసా.

మెగ్నీషియానికి ఆనోడిక్ (లోహం కరిగే) వైపు గీత సరిగ్గా రాదు, పొటెన్షియల్ పెంచే కొద్దీ హైడ్రోజన్ తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతుంది. అందుకే క్యాథోడిక్ (హైడ్రోజన్ వచ్చే) వైపు మాత్రమే పొడిగించి చదివా. 10 శాతానికి చదరపు సెం.మీ.కి 0.058 మిల్లీఆంప్, అంటే 22.85తో గుణిస్తే ఏడాదికి 1.33 మి.మీ. హైడ్రోజన్ చెప్పింది 2.76. గంటలో తీసిన ఫొటోకి, వారం తీసిన వీడియోకి తేడా అనుకోండి. టాఫెల్ (ఇలా గీత పొడిగించి చదివే పద్ధతి) ఒక్కటే చూపించి తీర్పు చెప్పే పేపర్లని ఇప్పుడు కొంచెం అనుమానంగానే చదువుతున్నా.

మొత్తం: ₹42,000 (ఎపాక్సీ, సిల్వర్ పేస్ట్ 1,500).

స్టేజ్ 7: 15 శాతం ఎందుకు అంత ఘోరం (జూన్)

10 నుంచి 15కి వెళ్తే రేటు రెట్టింపు పైన. డ్రాఫ్ట్‌లో "హెచ్‌ఏ ఎక్కువైతే కరోజన్ పెరుగుతుంది" అని రాసేశా కూడా. రాసి పంపే ముందు రోజు రాత్రి పాత నోట్‌బుక్ తిరగేస్తుంటే డిసెంబర్ పేజీ కనపడింది: 95, 93, 90, 84. హెచ్‌ఏ పెరిగిన ప్రతిసారీ డెన్సిటీ కూడా పడింది. అంటే నేను ఒకేసారి రెండు మార్చుకుంటూ పోయి నేరం ఒకదాని మీద వేశా. హెచ్‌ఏ గట్టి రేణువు, 560 డిగ్రీలకి అది మెత్తబడదు, మెగ్నీషియం రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో అడ్డం కూర్చుంటుంది, అక్కడ బొక్క మిగులుతుంది. ఆ బొక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతే ద్రావణం స్పాంజిలోకి పాకినట్టు లోపలికి పోతుంది, నేను లెక్కలో వేసిన 3.14 చదరపు సెం.మీ. బయటి చర్మం మాత్రమే.

తేల్చడానికి రెండు పరీక్షలు:

1. హెచ్‌ఏ అసలు లేకుండా, కావాలనే తక్కువ ఒత్తిడితో (200 ఎంపీఏ, అంటే 1.6 టన్నులు) ఉత్త మెగ్నీషియం పెల్లెట్లు మూడు. డెన్సిటీ 84 శాతం వచ్చింది, 15 శాతం హెచ్‌ఏ దానితో సమానం.
2. 15 శాతం హెచ్‌ఏ పెల్లెట్లని ఒకసారి కాల్చాక 600 ఎంపీఏ దగ్గర మళ్ళీ నొక్కి మళ్ళీ కాల్చడం. నాలుగు చేస్తే ఒకటి పగిలింది, మూడు మిగిలాయి. డెన్సిటీ 84 నుంచి 91కి పెరిగింది.

7 రోజుల హైడ్రోజన్:
ఉత్త మెగ్నీషియం, 95 శాతం డెన్సిటీ: 21 ఎంఎల్
ఉత్త మెగ్నీషియం, 84 శాతం డెన్సిటీ: 61 ఎంఎల్
15 శాతం హెచ్‌ఏ, 84 శాతం డెన్సిటీ: 72 ఎంఎల్
15 శాతం హెచ్‌ఏ, 91 శాతం డెన్సిటీ: 41 ఎంఎల్

హెచ్‌ఏ ఒక్క రేణువు లేకపోయినా బొక్కలుంటే 61. డెన్సిటీ సమానంగా పెడితే హెచ్‌ఏ వాటా 61కి, 72కి మధ్య ఉన్న 11 ఎంఎల్. మళ్ళీ నొక్కితే 72 కాస్తా 41 అయింది, ఏడాదికి 6.02 నుంచి 3.43 మి.మీ.కి. డ్రాఫ్ట్‌లో ఆ వాక్యం కొట్టేశా. పేపర్లు ఒకదానికొకటి ఎందుకు కలవవో కూడా అప్పుడే అర్థమైంది, ఎక్స్‌ట్రూజన్ (వేడి మీద అచ్చు రంధ్రంలోంచి తోయడం) చేసినవాళ్ళ దగ్గర బొక్కలు దాదాపు ఉండవు, నాలాగా చల్లగా నొక్కి కాల్చినవాళ్ళ దగ్గర ఉంటాయి, టేబుల్‌లో మాత్రం ఇద్దరూ "మెగ్నీషియం–10 హెచ్‌ఏ" అనే రాస్తారు.

మూడు మూడు పెల్లెట్లతో చేసింది కాబట్టి ఆ 11ని మరీ నమ్ముకోవద్దు, 84 శాతం ఉత్త మెగ్నీషియం సెట్‌లో ఒకటి 54, ఇంకోటి 67 చూపించింది. బొక్కల ఆకారం రెండిట్లో ఒకటేనా అన్నది కూడా సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడాలి, స్లాట్ జూలై మూడో వారం ఇచ్చారు.

ఇప్పటిదాకా మొత్తం: పెల్లెట్లు 51, డేటాలోకి వెళ్ళినవి 22 (ముంచినవి 18, పొటెన్షియోస్టాట్ 4). ఎస్‌బీఎఫ్ పారబోసింది రెండు లీటర్లు. జూన్‌లో ఆర్గాన్ ఇంకోసారి 3,200 కలిపి ఖర్చు ₹45,200.

ఇవాళ నడుస్తున్నది: 5 శాతం పెల్లెట్లు మూడు, రెండుసార్లు నొక్కినవి, డెన్సిటీ 96. నాలుగో రోజు, సగటున 10 ఎంఎల్ దగ్గరున్నాయి. రాత్రి రీడింగ్ పదింటికి తియ్యాలి.